సూర్యుడి మచ్చలు చూశాక కంట్లో మచ్చ.. డ్రాప్స్‌తో తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 46. 114 మి.మీ. రిఫ్లెక్టర్ టెలిస్కోపుతో సూర్యుడి మచ్చలు చూస్తుంటాను. ఐపీస్‌కు (కన్ను పెట్టి చూసే కటకానికి) బిగించే నల్ల ఫిల్టర్ వాడుతున్నాను. దాని బదులు 14వ నంబరు వెల్డింగ్ గ్లాస్ పెడితే ఇంకా స్పష్టంగా కనిపిస్తాయా? నాలుగు రోజులుగా కుడి కంటితో చదువుతుంటే పదం మధ్యలో ఒకటి రెండు అక్షరాలు చెరిగినట్టుంటున్నాయి. నొప్పి, ఎరుపు లేవు. ఇంట్లో ఉన్న స్టెరాయిడ్ డ్రాప్స్ వేసుకుంటున్నాను.
– ఓ పాఠకుడు

జవాబు: ఫిల్టర్ సంగతి తర్వాత. మీరు మాటవరసకు రాసిన ఆ అక్షరాల విషయం ముందు తేలాలి. సూర్యుణ్ని చూసిన కంటికే చూపు సరిగ్గా మధ్యలో చెరిగితే సోలార్ రెటినోపతిని, అంటే ఎండకు రెటీనా (కంటి వెనక తెర) దెబ్బతినడాన్ని, అనుమానించాల్సిందే. రెటీనాకు నొప్పి తెలియదు. దెబ్బ తగిలిన కొన్ని గంటలకు గానీ లక్షణాలు బయటపడవు. కాబట్టి నొప్పి, ఎరుపు లేవని ధైర్యపడటానికి లేదు.

అలాగని కంటిని చూడకుండా ఇదే జబ్బని చెప్పలేను. రెటీనా కింద నీరు చేరే సెంట్రల్ సీరస్ సమస్య మీ వయసువారిలో కనిపిస్తుంటుంది, లక్షణాలూ ఇలాగే ఉంటాయి. దాన్ని స్టెరాయిడ్లు ముదరబెట్టగలవు. పోనీ సోలార్ రెటినోపతే అనుకున్నా, స్టెరాయిడ్లతో మేలు జరుగుతుందని రుజువు లేదు. వారాల తరబడి వేస్తే కంట్లో ఒత్తిడి పెరగొచ్చు, శుక్లం రావచ్చు. ఇంట్లో ఉంది కదా అని కంట్లో వేసుకోవడమేమిటండీ? ఆ సీసా ఎవరికి రాసిచ్చారో, ఎప్పుడు తెరిచారో కూడా మీరు రాయలేదు. సొంతంగా మొదలుపెట్టినవైతే ఆపేయండి. ఏదైనా ఆపరేషన్ తర్వాత మీకే రాసిచ్చినవైతే మాత్రం ఆ డాక్టర్‌ను అడగకుండా ఆపొద్దు.

నాలుగు రోజులు ఆగడమే ఎక్కువ. రేపే రెటీనా నిపుణుణ్ని కలవండి. కంటి లోపలి పొరలను చూపే ఓసీటీ స్కాన్‌లో మాక్యులా (రెటీనా నడిమి భాగం) పొరలు ఎంత దెబ్బతిన్నాయో, కింద నీరుందో లేదో తెలుస్తుంది. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తారు కాబట్టి బండి నడుపుకుంటూ వెళ్లకండి. సోలార్ రెటినోపతి అయితే చాలామందికి 3 నుంచి 6 నెలల్లో చూపు మెరుగవుతుంది. కొందరికి మధ్యలో చిన్న మచ్చ మిగిలిపోతుంది. ఈలోగా చత్వారం అద్దాలు పెట్టుకుని, ఒక కన్ను మూసి, మధ్యలో చుక్క పెట్టిన గళ్ల కాగితాన్ని 30 సెం.మీ. దూరంలో ఉంచి ఆ చుక్కను చూడండి. గీతలు ఎక్కడ వంకరపోయాయో, ఎక్కడ మాయమయ్యాయో రాసిపెట్టుకోండి. ఇది పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. కంట్లో మెరుపులు, తెర దిగినట్టు నీడ, ఉన్నట్టుండి చూపు తగ్గడం వంటివి ఉంటే రేపటిదాకా కూడా ఆగకండి.

ఇక ఐపీస్ ఫిల్టర్. దాన్ని పారేయండి, ఎవరికీ ఇవ్వకండి. 114 మి.మీ. అద్దం, ఎండలో 2 మి.మీ.కి కుంచించుకున్న కంటిపాప కన్నా దాదాపు 3000 రెట్లు ఎక్కువ కాంతిని పోగుచేస్తుంది. ఆ వేడంతా కేంద్రీకృతమయ్యే చోటే ఈ ఫిల్టర్ ఉంటుంది. అది పగిలితే తల వెనక్కి తీసుకునే వ్యవధి కూడా దొరకదు. వెల్డింగ్ గ్లాస్‌ను అక్కడ పెట్టినా ఇదే గతి. షేడ్ 14 ఉత్త కంటితో చూడటానికి మాత్రమే పనికొస్తుంది. గ్రహణం కళ్లద్దాలూ అంతే, అవి పెట్టుకుని ఐపీస్‌లోకి చూడకూడదు.

ఫిల్టర్ టెలిస్కోపు ముందు మూతి మొత్తాన్ని కప్పాలి. కంటితో చూసేందుకు ఓడీ 5 (కాంతిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) ఫిల్మ్ కావాలి. అది కాంతిలో లక్షో వంతే లోపలికి వదులుతుంది. ఓడీ 3.8 ఫొటోలకే, బొమ్మ కాంతివంతంగా ఉందని దానితో చూడొద్దు. ప్రతిసారీ బల్బుకు ఎదురుగా పట్టుకుని చూడండి, సూదిబెజ్జమంత వెలుగు కనిపించినా వాడకండి. గాలికి ఊడకుండా చుట్టూ టేపు వేయండి. ఫైండర్‌ను (గురిపెట్టేందుకు పక్కన ఉండే చిన్న టెలిస్కోపు) తీసేయండి, లేదా మూత పెట్టండి. దానితో గురిపెట్టబోయి కన్ను కాల్చుకోవచ్చు. గొట్టం నీడ నేలమీద అతి చిన్నగా పడేదాకా తిప్పితే సూర్యుడు ఐపీస్‌లోకి వస్తాడు. ఇదంతా మీ స్కాన్ రిపోర్టు చూసి డాక్టర్ సరేనన్నాకే.