పిల్లల చేతికి మొదటి రైఫిల్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: హనుమకొండ దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీగా పనిచేస్తున్నాను. ఏడు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు టార్గెట్ షూటింగ్ మొదలుపెడదామంటే హెడ్‌మాస్టర్ గారు సరేనన్నారు, కొందరు తల్లిదండ్రులు డబ్బు సాయం కూడా చేస్తామన్నారు. మా పిల్లలు సన్నగా ఉంటారు, అందుకని అన్నిటికంటే తేలికైన రైఫిల్ కొనాలనుకుంటున్నాం. దుకాణంలో సెకనుకు వెయ్యి అడుగుల వేగం అంటూ ఒకటి చూపించారు, బరువు కూడా తక్కువే. తీసుకోవచ్చా?

జవాబు: ఆ వెయ్యి అడుగుల రైఫిల్ వద్దు సార్. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ఆటలో వేగంతో పనే లేదు. ఒలింపిక్స్‌లో వాడే రైఫిళ్లలో కూడా పెల్లెట్, అంటే రైఫిల్ నుంచి వెళ్లే చిన్న గుండు, సెకనుకు దాదాపు 170 మీటర్ల వేగంతో, అంటే 560 అడుగుల దగ్గర వెళ్తుంది, అంతకంటే అవసరం లేదు కాబట్టి. వేగం పెంచాలంటే లోపల గట్టి స్ప్రింగ్ పెట్టాలి, గట్టి స్ప్రింగ్ అంటే బ్యారెల్ (ముందున్న గొట్టం) వంచి లోడ్ చేయడానికి బోలెడంత బలం కావాలి, ఏడో తరగతి పిల్ల రెండు చేతులతో వేలాడినా అది వంగదు. పైగా ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూకి, పెల్లెట్ బయటపడేలోపే రైఫిల్ కదలడం మొదలవుతుంది. రైఫిల్ తేలికైతే ఆ కుదుపు ఇంకా ఎక్కువ తెలుస్తుంది. పాపం పిల్లలు గురి సరిగ్గానే చూస్తారు, పెల్లెట్ మాత్రం ఎక్కడో తగులుతుంది, నాలుగు రోజులకు నాకు రాదులే అని వదిలేస్తారు. పిల్లలు ఈ ఆట మానేయడానికి ఇలాంటి రైఫిళ్లే సగం కారణమని నా నమ్మకం.

ఇక బరువు సంగతి. మీ ఆలోచన సరైనదే, కానీ త్రాసు మీద అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. పోటీల్లో ఎయిర్ రైఫిల్ 5.5 కిలోలు దాటకూడదు, పెద్దవాళ్లు వాడేవి నాలుగున్నర, అయిదు కిలోల దాకా ఉంటాయి. 35 కిలోల పిల్లకు నాలుగున్నర కిలోల రైఫిల్ ఇస్తే తన బరువులో ఎనిమిదో వంతు చేతుల మీద పెట్టినట్టే, నడుము ముందుకు తోసి వీపు వెనక్కి విల్లులా వంచితే గానీ నిలబెట్టలేదు. అట్లాగని రెండు కిలోల బొమ్మలాంటిది ఇస్తే అది గాలికి ఊగినట్టు ఊగుతుంది, ఎందుకంటే కొంత బరువు ఉంటేనే గురి నిలుస్తుంది. మొదటిసారి పట్టే పిల్లలకు మూడు, మూడున్నర కిలోల మధ్య ఉంటే మంచిదని నా అభిప్రాయం, తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఇంకో అరకిలో పెంచుకోవచ్చు.

బరువు ఎంత అన్నదానికంటే ఎక్కడుంది అన్నది నాకు ముఖ్యం. ఒకే బరువున్న రెండు రైఫిళ్లు తీసుకుని చూడండి, ఒకటి ముందుకు వాలుతుంది, ఇంకొకటి ఎడమ చేతి మీద చక్కగా నిలుస్తుంది. ముందు బరువున్నది మూడు కిలోలైనా పిల్లకు నాలుగు కిలోలలా అనిపిస్తుంది. కొనేముందు ఒక పిల్లనో పిల్లవాడినో వెంట తీసుకెళ్లండి, మీ భుజం మీద పెట్టుకుని చూసి కొనొద్దు. పక్కకు తిరిగి నిలబడమని, ఎడమ మోచేయి నడుము ఎముక మీదనో పక్కటెముకల మీదనో ఆనించమని, రైఫిల్ ఎత్తి గోడ మీద ఒక చుక్కను అర నిమిషం చూడమని చెప్పండి. మీరు టార్గెట్ వైపు చూడకండి, పిల్ల వైపు చూడండి. కుడి భుజం చెవి దగ్గరికి లేస్తోందా, ఎడమ మోచేయి నడుము వదిలి గాల్లోకి వస్తోందా, మెడ సాచి తలను రైఫిల్ మీదికి వంచుతోందా. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రైఫిల్ ఆ పిల్లకు సరిపోలేదు, బరువైనా ఎక్కువై ఉంటుంది, బట్ (భుజానికి ఆనే వెనక భాగం) అయినా పొడుగై ఉంటుంది.

బట్ పొడుగు గురించి మనవాళ్లు అస్సలు పట్టించుకోరు. పెద్దవాళ్ల స్టాక్ (చేత్తో పట్టి భుజానికి ఆనించే భాగం) ఇస్తే పిల్ల చెయ్యి చాచి ట్రిగ్గర్ అందుకోవాల్సి వస్తుంది, అప్పుడు వేలి కొసతో కాకుండా చేతినంతా లాగి నొక్కుతుంది, షాట్ పక్కకు పోతుంది. మోచేయి మడిచి బట్‌ను మోచేతి మడతలో ఆనించి చూడండి, చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌కు తేలిగ్గా అందాలి. మీ దగ్గర ఇరవై మంది పిల్లలుంటే ఇరవై రకాల చేతులుంటాయి కనుక, బట్ వెనక పలకలు తీసి పెట్టి పొడుగు మార్చుకునే వీలున్న స్టాక్, పైకీ కిందికీ జరిగే చీక్‌పీస్ (చెంప ఆనించే భాగం) ఉన్నది వెతకండి. అటువంటివి రెండే కొన్నా అందరికీ పనికొస్తాయి. ఒకేలాంటి చవకవి ఆరు కొంటే మాత్రం ఒక్కరికీ సరిపోవు.

ఇప్పుడు రకాలు. స్కూలు బడ్జెట్‌కు అందుబాటులో ఉన్నది మన దేశంలో తయారైన 4.5 మిల్లీమీటర్ల స్ప్రింగ్ రైఫిల్, దాన్నే .177 అంటారు. తక్కువ పవర్ ఉన్న మోడల్ అడగండి, దుకాణదారు వింతగా చూసినా సరే. దానితో కూడా బాగా నేర్పొచ్చు, ఒక్క షరతు మీద: బ్యారెల్ వంచడం, పెల్లెట్ పెట్టడం మొదట్లో మీరే చేయండి, పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చెయ్యి బ్యారెల్‌ను గట్టిగా పట్టుకునే ఉండాలి. పట్టు వదిలిన క్షణంలో ట్రిగ్గర్ జారితే బ్యారెల్ ఎగిరొచ్చి మూసుకుంటుంది, వేళ్లు నలుగుతాయి. పెల్లెట్ లేకుండా ఉత్తినే పేల్చనివ్వకండి, పిస్టన్‌కు అడ్డు లేక లోపలి భాగాలు పాడవుతాయి.

నాలుగు డబ్బులు ఎక్కువ సమకూరితే గాలి సిలిండర్ ఉన్న రైఫిల్ చూడండి, పీసీపీ అంటారు. కుదుపు దాదాపు ఉండదు, లోడ్ చేయడానికి బలం అక్కర్లేదు, పిల్ల తప్పు చేస్తే ఆ తప్పే టార్గెట్ మీద కనిపిస్తుంది, నేర్పేవాడికి ఇంతకంటే ఏం కావాలి. జర్మనీ కంపెనీలు వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, అన్షుట్జ్ తయారుచేసే మ్యాచ్ రైఫిళ్లు ఈ రకమే, కొత్తవి లక్షల్లో ఉంటాయి కాబట్టి స్కూలుకు వాటి ఊసు ఇప్పుడే వద్దు. హైదరాబాద్‌లో పాత ఆటగాళ్లు అమ్మే సెకండ్ హ్యాండ్‌వి దొరికితే మాత్రం ముందు సిలిండర్ మీద ముద్రించిన తేదీ చదవండి. ఆ సిలిండర్లకు మామూలుగా పదేళ్లు ఆయుష్షు ఇస్తారు. లోపల 200 బార్ ఒత్తిడితో గాలి ఉంటుంది, అది ఆషామాషీ కాదు. తేదీ దాటితే కొత్త సిలిండర్ ఖర్చు కూడా కలుపుకుని ధర మాట్లాడండి. మన వరంగల్ ఎండలు మీకు తెలిసినవే, మే నెలలో ఆ సిలిండర్‌ను బండి డిక్కీలోనో కారులోనో వదిలేసి వెళ్లొద్దు.

సైట్ దగ్గర ఒక్క మాట. టెలిస్కోప్ అసలు కొనొద్దు, ఈ ఆటలో దానికి చోటు లేదు. వెనక చిన్న రంధ్రం, ముందు గుండ్రటి రింగు ఉండే పీప్ సైట్ పిల్లలకు ఒక్క పూటలో అర్థమవుతుంది: నల్ల చుక్క రింగు మధ్యలో ఉందా లేదా, అంతే. పది మీటర్ల టార్గెట్‌లో పదో రింగు అర మిల్లీమీటరు చుక్క అని వాళ్లకు మొదటిరోజే చెప్పకండి, టెన్షన్ పడతారు. మొదటి నెల టార్గెట్ కాగితాన్ని తెల్ల వైపుకు తిప్పి పెట్టి, అయిదు రంధ్రాలు ఎంత దగ్గరగా పడ్డాయో చూపించండి. మొదట్లో బల్ల మీద ఇసుక సంచి పెట్టి రైఫిల్ దాని మీద ఆనించి కొట్టించడం తప్పేమీ కాదు, బరువు మోయకుండానే ట్రిగ్గర్ నేర్చుకుంటారు.

ఒకటి మాత్రం అడక్కపోయినా రాస్తాను. రేంజ్ కోసం వరండా వాడుతుంటే పిల్లలు నిలబడే గీతకు ముందు వైపు ఏ తలుపూ తెరుచుకోకూడదు, తాళం వేయండి. టార్గెట్ వెనక వాలుగా ఇనుప రేకున్న పెట్టె, దాని వెనక గోడ ఉండాలి. మీరు చెప్పేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి రాకూడదు, రైఫిల్ మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే, కాగితాలు తేవడానికి ఎవరైనా ముందుకు వెళ్తుంటే రైఫిళ్లన్నీ ఖాళీగా, తెరిచి బల్ల మీద ఉండాలి. అందరికీ కళ్లద్దాలు. పెల్లెట్ సీసంతో చేసింది, కాబట్టి చేతులు సబ్బుతో కడుక్కున్నాకే టిఫిన్ డబ్బా.

ప్రశ్న: మాది మంచిర్యాల. మా పాపకు పన్నెండేళ్లు, ఎడమచేతి వాటం. సెలవుల్లో హైదరాబాద్‌లో మా చెల్లె ఇంటికి వెళ్లినప్పుడు రేంజ్‌కు తీసుకెళ్తే చాలా ఇష్టపడింది. కానీ అక్కడ ఇచ్చింది కుడిచేతి రైఫిల్, బరువు కూడా ఎక్కువ, మర్నాడు వీపు నొప్పి అంది. ఈ ఆట ఆడపిల్ల ఒంటికి మంచిదేనా? రైఫిల్ మేమే కొనాలా?

జవాబు: అక్కా, ఆడపిల్ల అని వెనక్కి తగ్గొద్దు, ఒలింపిక్స్ ఎయిర్ రైఫిల్‌లో ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఇప్పుడు 60 షాట్లే, దూరం పది మీటర్లే, టార్గెట్ అదే. వీపు నొప్పి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పెరిగే వయసులో వంగి నిలబడటం అలవాటైతే తర్వాత మాన్పించడం కష్టం. తనకు తగ్గ బరువు దొరికేదాకా స్టాండ్ మీద ఆనించి కొట్టనివ్వమని కోచ్‌ను గట్టిగా అడగండి, ఒక్కోసారి పావుగంటకు మించి ఎత్తి పట్టుకోనివ్వొద్దు, వారంలో రెండు మూడు రోజులు నడుముకు, పొట్టకు వ్యాయామం చేయించండి.

ఎడమచేతి వాటం సంగతికొస్తే, చెయ్యి కంటే ముందు కన్ను చూడాలి. రెండు చేతులూ చాచి బొటనవేళ్ల మధ్య చిన్న త్రికోణం చేసి, అందులోంచి దూరంగా ఉన్న గడియారాన్ని రెండు కళ్లతో చూడమనండి. ఇప్పుడు ఒక్కో కన్ను మూయమనండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం త్రికోణంలోనే ఉంటుందో ఆ కన్నే పాప గురి కన్ను. ఎడమ కన్ను అయితే ఎడమచేతి రైఫిల్‌తోనే మొదలుపెట్టించండి, కుడికి మార్చుకోమని ఎవరన్నా వినొద్దు. ఎడమ చెయ్యి, కుడి కన్ను అయితే ఇంకా చిన్నది కాబట్టి కుడి భుజం మీద పెట్టి చూడొచ్చు, చాలామందికి కుదురుతుంది. అటూ ఇటూ వాడుకునే స్టాక్ ఉన్న జూనియర్ రైఫిళ్లు ఉన్నాయి, క్లబ్బులో వాటి కోసం అడగండి.

ఇప్పుడే కొనకండి. ఏడాదిలో పాప ఎత్తు పెరుగుతుంది, ఇవాళ సరిపోయింది రేపు చిన్నదవుతుంది. కనీసం ఆరు నెలలు క్లబ్బు రైఫిల్‌తోనే నేర్వనివ్వండి, ఆ డబ్బుతో మంచి బూట్లు, పెల్లెట్లు కొనండి. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచింది ఈ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే, ఆ సంగతి పాపకు చెప్పండి, సంతోషిస్తుంది. పతకం మాట మాత్రం ఇప్పుడే ఇంట్లో ఎత్తొద్దు, పన్నెండేళ్ల పిల్ల ఇష్టంగా రేంజ్‌కు పోవడమే ఈ ఏడాదికి చాలు.

ప్రశ్న: హుజూరాబాద్ దగ్గర మా పల్లెలో కోతుల బాధ పడలేక కొన్నేళ్ల కింద ఒక ఎయిర్‌గన్ కొన్నాం. మనవడు ఎన్‌సీసీలో చేరాడు, అక్కడ .22 రైఫిల్‌తో ఫైరింగ్ ఉంటుందంట. ఇంట్లో ఉన్న గన్‌తో కాస్త నేర్పిద్దామా? లైసెన్సు ఏమన్నా కావాలా?

జవాబు: బాపూ, 4.5 మిల్లీమీటర్ల ఎయిర్‌గన్ శక్తి 20 జౌల్స్ లోపు ఉంటే లైసెన్సు అక్కర్లేదు, కొన్న రసీదు మాత్రం జాగ్రత్తగా దాచండి. .22 రైఫిల్ అట్లా కాదు, అది తూటా పేల్చే ఆయుధం, లైసెన్సు తప్పనిసరి, ఎన్‌సీసీలో వాళ్ల ఆఫీసర్ల కళ్ల ముందే పిల్లలు దాన్ని పట్టుకుంటారు, ఇంట్లో దాని ప్రసక్తే వద్దు.

మీ పాత గన్‌తో నేర్పించడం నాకు ఇష్టం లేదు. ఏళ్ల తరబడి మూలన పడున్న గన్‌లో స్ప్రింగ్ సడలి, సీల్ ఎండిపోయి ఉంటుంది, సైట్ ఎటు చూపిస్తుందో తెలియదు, మనవడు దానితో నేర్చుకునేది తప్పు గురే. అంతకంటే ముఖ్యం, అది కోతుల మీద ఎక్కుపెట్టిన గన్. ప్రాణమున్నదాని వైపు తిప్పడం పిల్లవాడు దానితోనే చూశాడు, అదే చేతికిచ్చి ఇప్పుడు కాగితం వైపే తిప్పు అంటే వాడికి ఎక్కదు. పది మీటర్ల దూరంలో పెల్లెట్ తగిలితే కన్ను పోతుంది, మనిషిదైనా కోతిదైనా. గాయపడ్డ కోతి పొలంలో ఎన్ని రోజులు తిప్పలు పడుతుందో మీరూ చూసే ఉంటారు.

వాడికి నేర్పాలనే ఉంటే ముందు ఒళ్లు కదలకుండా ఉంచడం నేర్పండి. ఎన్‌సీసీలో ఎక్కువగా బోర్లా పడుకుని కొట్టిస్తారు, కాబట్టి చాప వేసి, మోచేతులు ఆనించి పడుకుని, ఊపిరి సగం వదిలి ఆపి ఏడెనిమిది సెకన్లు కదలకుండా ఉండటం ఇంట్లోనే సాధన చేయొచ్చు, దానికి గన్ అవసరమే లేదు. ఇక ఆ పాత గన్‌ను పెల్లెట్లు తీసేసి బీరువాలో పెట్టి తాళం వేయండి, పెల్లెట్ డబ్బా వేరే చోట పెట్టండి, తాళంచెవి మీ దగ్గరే ఉండాలి.