ఆ వంద కోట్లు ఎవరి ఖాతాలో?

ప్రశ్న: ‘మా సాయంతో ఇంత ప్రైవేటు పెట్టుబడి వచ్చింది’ అని విదేశీ ప్రభుత్వ సంస్థలు చెబుతుంటాయి. ఒకే రూపాయిని అందరూ తమదేనని రాసుకోరా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: సరైన అనుమానమేనమ్మా. కడపలో ముప్పై ఏళ్లు అప్పుల ఫైళ్లు చూసిన నన్నూ ఇదే వేధించేది. దీనికి ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) పద్ధతులున్నాయి. సిండికేట్ అప్పులో, అంటే పలు సంస్థలు కలిసి ఇచ్చే ఒకే అప్పులో, ప్రైవేటు బ్యాంకులు 100 కోట్లు పెట్టాయనుకోండి. ఆ అప్పును కూడగట్టిన ప్రభుత్వ సంస్థకు 50 కోట్లు రాస్తారు. మిగతా 50 కోట్లను, కూడగట్టిన ఆ సంస్థతో సహా, డబ్బు పెట్టిన ప్రభుత్వ సంస్థలన్నిటికీ వాటాల ప్రకారం పంచుతారు. కాబట్టి రెండుసార్లు లెక్కకు రాదు.

గ్యారంటీ దగ్గరే నాకు మనసొప్పదు. సగానికే హామీ ఇచ్చినా, ప్రైవేటు అప్పు మొత్తాన్నీ లెక్కిస్తారు. హామీ లేకుంటే ఆ అప్పే పుట్టేది కాదని వాదన. మా బ్రాంచిలో హామీదారు లేకున్నా అప్పు తీసుకోగలిగినవాళ్లను ఎంతమందినో చూశాను. అందుకే అలాంటి అంకె కనబడితే, అందులో గ్యారంటీలది ఎంతో ముందు చూడండి.