రింగ్ సంగతి తర్వాత, ముందు పైకప్పు చూడండి

మీరు అడిగింది ఇదీ: ఒడిశా బరంపురంలో మీ వీధి వ్యాయామశాలలో ఒకప్పుడు ముప్పై మంది బాక్సింగ్ నేర్చుకునేవారు, ఇప్పుడు అయిదుగురే మిగిలారు. రింగ్ పలకలు కుళ్లాయి, గుద్దే బ్యాగులు రాయిలా గట్టిపడ్డాయి. కమిటీ పెద్దలు గోదాముకి అద్దెకిచ్చేద్దామంటున్నారు. కొత్త రింగ్ వేస్తే పిల్లలు మళ్లీ వస్తారా?

ఇప్పుడప్పుడే రింగ్ వెయ్యకండి. పిల్లలు రాక శాల పాడైందని అందరూ అంటారు గానీ, ఎక్కువసార్లు ముందు కప్పు కారుతుంది, కుళాయి ఆగుతుంది, ఆ తర్వాతే మనుషులు మానేస్తారు. అమెరికాలో డెట్రాయిట్ క్రాంక్ జిమ్ సంగతే చూడండి. ఇమాన్యుయెల్ స్టీవార్డ్ అక్కడే థామస్ హెర్న్స్ లాంటి ప్రపంచ చాంపియన్లని తయారుచేశాడు. ఊరు చితికిపోతున్న రోజుల్లో, 2006లో, దొంగలు రాగి నీటి గొట్టాలు కోసుకుపోయారు. నగరపాలక సంస్థ ఆ భవనం మూసేసింది. ఖాళీగా పడున్న భవనం 2017లో తగలబడింది. బాక్సర్లు కరువై పోలేదది.

మనకి గోపాలపూర్ సముద్రం దగ్గరే. ఉప్పుగాలికి రేకు మొదట బోల్టు కన్నం దగ్గరే తుప్పు పడుతుంది. జోరువానలో లోపల నిలబడి, కారేచోట నేలమీద సుద్దతో గుర్తు పెట్టండి. ఎండ కాశాక చూస్తే సగం గుర్తులు బ్యాగులు వేలాడే దూలం కిందే ఉంటాయి. గుద్దు పడినప్పుడల్లా ఆ కుదుపు దూలంలోంచి రేకు బోల్టుకి పోతుంది. వాషరు నలుగుతుంది, కన్నం పెద్దదవుతుంది. తారు పూస్తే ఒక్క వేసవికే పగులుతుంది. పాత బోల్టు తీసేసి, కన్నం కంటే బాగా వెడల్పున్న తారు వాషరు, దానిమీద జీఐ (జింకు పూసిన ఇనప) టోపీ వాషరు వేసి కొత్త జే బోల్టు (కొక్కెంలా వంగినది) బిగించాలి. చూరు వరసలోనూ వెన్ను వరసలోనూ బోల్టులు దగ్గరదగ్గరగా పడాలి. 2013 ఫైలిన్ తుపానులా గాలి వస్తే రేకు లేచేది అంచు దగ్గరే.

బ్యాగులు మళ్లీ ఆ దూలానికి కట్టొద్దు. మూడంగుళాల మందపాటి ఇనప గొట్టంతో గోల్‌పోస్టులా ఒక చట్రం చేయించి, కాళ్లు నేలలో రెండడుగులు కాంక్రీటు పోసి పాతించండి. గొలుసుకీ కొక్కేనికీ మధ్య తిరిగే స్వివెల్ ఉండాలి. లేకపోతే గొలుసు మెలిపడి ఒకే లింకు అరుగుతుంది.

బ్యాగు రాయి కావడానికి కారణం ఇసుక. ఊగినకొద్దీ అడుక్కి దిగి గడ్డకడుతుంది, పైన డొల్లగా ఉంటుంది. కిందిభాగం గుద్దిన పిల్లాడి మణికట్టు పోతుంది. అంతా దులిపేసి దర్జీల దగ్గర పీలికలు తెచ్చి నింపండి. జిప్పులు, గుండీలు, హుక్కులు ఒక్కటి మిగలకుండా ఏరాలి, పెద్ద ముక్కలు అరచేయంత కత్తిరించాలి. అర అడుగు నింపడం, రోకలితో అంచుల చుట్టూ దంచి తర్వాత మధ్యలో దంచడం, మళ్లీ అర అడుగు. మధ్యలో మాత్రమే దంచితే బ్యాగు కుండలా ఉబ్బుతుంది. నాలుగడుగుల బ్యాగు పెద్దవాళ్లకి 30 కిలోలు, పిల్లలకి 15 నుంచి 20 చాలు. బరువు తగ్గితే ఇసుకని చిన్న మూటలుగా గట్టిగా కట్టి సరిగ్గా నడిమధ్య పెట్టండి, విడిగా పోయొద్దు. పదిహేను రోజులకి జానెడు దిగుతుంది, అప్పుడు మూతి విప్పి మళ్లీ నింపాలి.

గ్లవ్స్ ఎండలో పెడితే రెక్సిన్ పెళుసవుతుంది. లోపల పాత పేపరు కుక్కి ఫ్యాను కింద ఆరబెట్టండి.

కప్పు ఒక వానాకాలం కారకుండా నిలిచాక రింగ్ మాట. మీ పలకలు పైనుంచి కాదు, కిందనుంచి కుళ్లి ఉంటాయి. అందానికని వేదిక నాలుగువైపులా మూసేస్తారు, నేల చెమ్మ లోపలే ఉండిపోతుంది. రెండు ఎదురెదురు వైపులు తెరిచి వదలండి. పోటీలకైతే తాళ్ల లోపల 6.10 మీటర్లు కావాలి. సాధనకి 20 అడుగుల చదరం వేదిక, తాళ్ల లోపల 16 అడుగులు సరిపోతుంది. 19 మిల్లీమీటర్ల మెరైన్ (చెమ్మకి తట్టుకునే) ప్లైవుడ్ ఎనిమిదీ నాలుగు అడుగుల షీట్లు 13 పడతాయి. కింద ఆధారాలు రెండడుగులకొకటి వేస్తే ప్రతి అతుకూ ఆధారం మీదే కూర్చుంటుంది. ఇటుక పేర్చినట్టు అతుకులు తప్పించి వెయ్యండి, లేదంటే ఒకే గీత మీద వేదిక దిగి చీలమండలు బెణుకుతాయి. తాళ్లు నాలుగు: 40, 70, 100, 130 సెంటీమీటర్ల ఎత్తులో. ప్రతివైపూ రెండుచోట్ల నిలువు పట్టీలతో కలిపి కట్టకపోతే మనిషి మధ్యలోంచి జారి కిందపడతాడు.

కాగితాలు చూసుకున్నారా? ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఖాతా ఎవరి పేరన ఉందో వెతకండి. చనిపోయిన పెద్దాయన పేరే ఉంటే ఆయన మనవలు రేపు వచ్చి తాళం వేస్తే మీకు చిక్కే. మన గంజాం జిల్లా 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోది కాబట్టి పాత దస్తావేజు తెలుగులోనూ ఉండొచ్చు. ఒడియా అనువాదం చేయించి పెట్టుకోండి, తహసీలు ఆఫీసులో అదే అడుగుతారు.

ఇక పిల్లలు. పద్దెనిమిది దాటితే మనవాళ్లు సూరత్ మగ్గాలకి రైలెక్కుతారు, వాళ్లమీద ఆశ పెట్టుకోవద్దు. పదేళ్ల నుంచి పదహారేళ్ల వాళ్లని పట్టండి, ట్యూషన్లకి అడ్డురాకుండా పొద్దున్న అయిదున్నర నుంచి ఏడు వరకు. తలుపు గడియ సరిగా పడే మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది ఉంటేనే ఆడపిల్లల్ని పంపుతారు. నిజామాబాద్ నిఖత్ జరీన్ ప్రపంచ చాంపియన్ అయ్యాక అడిగే తల్లులు లేకపోలేదు. మన ఊరికి బరువులెత్తడంలో పేరుంది, 2010 కామన్వెల్త్ బంగారు పతకం తెచ్చిన రవికుమార్ ఇక్కడివాడే. కాబట్టి ఒక మూల బరువులెత్తేవాళ్లకీ ఇవ్వండి, నెలసరి చందా ఇచ్చేవాళ్లు పెరుగుతారు. బార్ కిందపడితే నేల అదురుతుంది, అందుకని వాళ్ల వేదిక రింగ్‌కి ఎదుటి మూల ఉండాలి.

గోదాము మాట కమిటీ వదలకపోతే ముందు గది ఒక్కటే ఇవ్వండి, 11 నెలల అగ్రిమెంటు మీద, ఆ అద్దె కప్పు ఖర్చుకే అని తీర్మానం రాసి. ఎరువుల బస్తాలకి మాత్రం ఒప్పుకోవద్దు. యూరియా గాల్లో చెమ్మ పీల్చి కరిగి కారుతుంది, మీరు కొత్తగా పాతించిన చట్రం కాళ్లనే ముందు తినేస్తుంది.