దేవుడంటే భయం ఎలా పోతుంది? నాకెలా పోయిందో చెబుతాను

"రక్షణ పొందాను, బాప్తిస్మం తీసుకున్నాను. అయినా చిన్న తప్పు చేస్తే చాలు, దేవుడు ఏం చేస్తాడోనని టెన్షన్. ఈ భయం పోవాలంటే ఏం చేయాలి?" అని అడిగారు. ఇదే భయంతో నేను 11 ఏళ్లు బతికాను. అందుకే రాస్తున్నాను.

మాది ప్రకాశం జిల్లా, టంగుటూరు దగ్గర పల్లె. పొగాకు ఊరు. నాన్న ఒక రైతు బ్యారన్ దగ్గర, అంటే పొగాకును వేడితో ఎండబెట్టే కొట్టం దగ్గర, పొయ్యి చూసేవాడు. ఆకు ఎండడానికి ఐదారు రోజులు పడుతుంది. అన్ని రోజులూ రాత్రీ పగలూ కట్టెలు ఎగదోస్తూ వేడి చూసుకోవాలి. ఈనె ఎండే చివరి రోజుల్లో మంట బాగా పెంచుతారు. అప్పుడు పైన వేలాడగట్టిన కర్ర నుంచి ఒక్క ఆకు జారి కింద పొయ్యి వేడి పారే గొట్టం మీద పడినా బ్యారన్ మొత్తం అంటుకుంటుంది.

1998 మార్చిలో నాన్నకు జ్వరమొస్తే ఒక రాత్రి కాపలాకు నేను వెళ్లాను. నాకు 16 ఏళ్లు. అంతకు ముందు వారమే చర్చిలో కోత పండగ కానుకకని అమ్మ కవర్లో దాచిన 50 రూపాయలు తీసి సినిమాకు పోయొచ్చాను. ఆ రాత్రి పొయ్యి ముందు కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి పైకప్పు రేకులు టపటపా పేలుతున్నాయి.

కట్టెల కుప్ప వెనక దాక్కున్నాను. దుప్పటి కప్పుకునే నాన్న పరుగెత్తుకొచ్చాడు, నన్ను బయటికి లాగాడు. కొడతాడని మొహానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాను. నాన్న ఆ చేతులే పట్టుకుని మంట వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. అరచేతులు తడిమాడు, మోచేతులు తడిమాడు, జుట్టు తడిమాడు. "యాడన్నా కాలిందేందిరా?" అన్నాడు. ఆయన వెనక కప్పు కూలింది. ఆయన తిరిగి చూడలేదు.

అప్పుడే అర్థమై ఉంటే ఇంత కథ ఉండేది కాదు. ఆ వారంలోనే ఒక ప్రసంగీకుడు మా ఇంటికి ప్రార్థనకొచ్చి, బైబిల్లో యెరికో పట్టణపు దోపుడు సొమ్ము గుడారంలో దాచిన ఆకాను సంగతి ఎత్తి, "ఈ ఇంట్లో మరుగు పాపం ఉంది" అన్నాడు. ఆకానును రాళ్లతో కొట్టి చంపారు. 50 రూపాయలకు దేవుడు బ్యారన్ తగలబెట్టాడు, తర్వాత నాన్నను తీసుకుపోతాడు అని నాకు నమ్మకం కుదిరిపోయింది. అప్పటి నుంచి ప్రభువు బల్లలో, అంటే చర్చిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షారసంలో, చెయ్యి వేయలేదు. బల్ల ఇచ్చే నెల మొదటి ఆదివారం వస్తే ఏదో పని కల్పించుకుని ముందే బయటికొచ్చేవాణ్ని.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే శాపం, పంట పోతే దశమభాగం ఎగ్గొట్టినందుకు శిక్ష అని మైకులో చెప్పేవాళ్లు చాలా ఇళ్లు పాడుచేస్తున్నారు. పుట్టుగుడ్డివాణ్ని చూపించి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడూ కాదు వీడి తల్లిదండ్రులూ కాదు అన్నాడు యేసు. సిలోయము గోపురం మీదపడి చనిపోయిన 18 మంది మిగతావాళ్లకంటే పాపులని అనుకోవద్దన్నాడు. ఈ వాక్యాలు ఎందుకు చదవరు? అయోగ్యంగా బల్ల తీసుకోకూడదని పౌలు రాసింది కూడా ఎవరికి? కొరింథులో ఉన్నవాళ్లు ముందే తిని తాగి, పేదవాళ్లను ఆకలితో కూర్చోబెట్టారు. ఆయన కోపం వాళ్ల మీద. నాలాగా వణుకుతూ వెనక వరసలో కూర్చునేవాడి మీద కాదు.

మా పెద్దవాళ్లు 1878 జులై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే బాప్తిస్మం పొందిన 2222 మందిలో ఉన్నారని నాయనమ్మ చెప్పేది. అంతకు ముందు వచ్చిన ధాత కరువులో (1876-78) అమెరికన్ మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు తీరేదాకా బాప్తిస్మాలు ఆపాడు. ఆ జనం కరణానికి, మునసబుకు, ఊరి పెద్దలకు, గ్రామదేవతలకు భయపడి భయపడి విసిగిపోయినవాళ్లు. ఇంకొక భయం కోసం నదిలో దిగి ఉంటారా? ప్రేమించే దేవుడున్నాడని విన్నారు గనుకే దిగారు. ఇందులో నాకు అనుమానం లేదు.

2009లో, అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిన నాలుగేళ్లకు, ఒక శనివారం రాత్రి 50 రూపాయల సంగతి నాన్నకు చెప్పేశాను. ఆయన చుట్ట పక్కన పెట్టి, "మీయమ్మకు ఆ రోజే తెలుసురా. రెండు రోజులు మిరపకోతకు పోయి ఆ కవరు నింపింది. నిన్నేమీ అడగొద్దంది" అన్నాడు.

నా అప్పు అప్పటికి 11 ఏళ్ల క్రితమే తీరిపోయింది. నాకు తెలియక మోస్తూ తిరిగాను. మనమింకా పాపులుగా ఉన్నప్పుడే క్రీస్తు మనకోసం చనిపోయాడన్న మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను. అది ఆ రాత్రి అరుగు మీద తెలిసింది. అందుకే మీరు "ఏం చేయాలి" అంటే, చేయాల్సిందేమీ లేదనే చెబుతాను. ఆయన చేసేశాడు.

"మరి దేవునికి భయపడమని బైబిల్లో లేదా" అంటారేమో. మన తెలుగు బైబిల్లో చాలాచోట్ల అది భయభక్తులు అని ఉంటుంది, రెండూ కలిపి. నాన్న ముందు నేను ఈ రోజుకీ కాలు మీద కాలు వేసుకుని కూర్చోను. కానీ కట్టెల వెనక దాక్కోను.

తెల్లారితే మొదటి ఆదివారం. పాస్టరుగారు రొట్టె విరుస్తుంటే లేవబోయి, ఆగాను. నాన్న చాప మీద కొంచెం పక్కకు జరిగాడు. పళ్లెం నా దగ్గరికి వచ్చింది. చెయ్యి వణుకుతూనే ఉంది, ముక్క తీసుకున్నాను.