పేరున్న వేషాలూ, నీ బీరువాలోని బట్టలూ

వడపళని, చెన్నై

చిరంజీవి హారికకు చినతాతయ్య ఆశీస్సులు.

పోయిన ఆదివారం నీవు మా ఇంటికి వచ్చినప్పుడు ఫోనులో దాచుకున్న నాలుగు వందల పైచిలుకు బట్టల ఫోటోలు చూపించి, "వీటిలో నేను ఎవరిని తాతయ్యా?" అని అడిగావు. కాఫీ చల్లారిపోయేదాకా చూశాను గానీ అప్పటికప్పుడు జవాబు తోచలేదు. ఒక నెల గాత్ (నల్ల బట్టల తీరు), ఒక నెల కాటేజ్‌కోర్ (పల్లెటింటి తీరు), పరీక్షల రోజుల్లో డార్క్ అకాడెమియా (పాత కళాశాలల తీరు), సెలవుల్లో ఓల్డ్ మనీ (తరతరాల ధనికుల తీరు), ఇలా నీ కట్టుకు ఏడాదిలో ఆరు పేర్లు మారాయనీ, హాస్టల్ బీరువా తలుపు పట్టనంతగా బట్టలు చేరినా పొద్దున్నే వేసుకోవడానికి ఒక్కటీ కనిపించడం లేదనీ నీవు చెప్పిన మాట నన్ను వారమంతా వదల్లేదు. ఈలోగా మీ అమ్మ కూడా ఫోన్ చేసి, దసరాకు నల్ల బట్టలు కట్టావని మొర పెట్టుకున్నది. ఇద్దరికీ కలిపి ఒకే జవాబు రాస్తున్నాను.

నా వృత్తి సంగతి నీకు తెలుసు. పాతికేళ్ళు ఈ చుట్టుపక్కల స్టూడియోలలో కాస్ట్యూమ్ విభాగంలో కుట్టుపని చేశాను. తెలుగు సినిమా హైదరాబాదుకు తరలిపోయినప్పుడు నాతోటివాళ్ళు చాలామంది వెంట వెళ్ళారు. నేను ఇక్కడే ఉండిపోయి దుకాణం పెట్టుకున్నాను. ఆ పనిలో నేను మొట్టమొదట తెలుసుకున్నది, స్టిల్‌లో కనిపించే బట్టకు వీపు ఉండదని. హీరోయిన్ జాకెట్టు ముందువైపు ముడత లేకుండా కూర్చున్నదంటే, వెనక నాలుగైదు పిన్నీసులు పెట్టి గుడ్డను లాగి పట్టించామన్నమాట. ఆ బట్టతో ఆమె కింద కూర్చోనక్కరలేదు, బస్సు ఎక్కనక్కరలేదు. ఫోటోగ్రాఫరు చాలన్నదాకా ఊపిరి బిగబట్టి నిలబడితే సరిపోతుంది. పేదవాడి చొక్కా కావాలంటే కొత్త చొక్కానే టీ డికాక్షన్‌లో ముంచి, మోచేతుల దగ్గర గరుకు కాగితంతో రుద్ది పాతబరిచేవాళ్ళం. దానిని మోసమని నేను అనను, అది వేషం. వేషానికి ఒక సన్నివేశమూ, దానికి తగిన వెలుగూ ఉంటాయి. సన్నివేశం ముగియగానే విప్పి, చీటీ కట్టి, పెట్టెలో పెడతారు. నీవు చూపించిన ఫోటోలలో చాలావాటికి వెనక పిన్నీసులు ఉన్నాయని నా అనుమానం.

అయితే ఆ పేర్లన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. గాత్ అనేది 1970ల చివర ఇంగ్లండులో, పంక్ సంగీతం సద్దుమణుగుతున్న కాలంలో, కొన్ని బృందాల పాటల చుట్టూ చేరిన కుర్రవాళ్ళతో మొదలైంది. 1982లో లండన్‌లో బ్యాట్‌కేవ్ అనే క్లబ్బు తెరిచాక దానికి ఒక అడ్డా దొరికింది. వాళ్ళ నల్ల బట్టలు ఒకే పాట వినేవాళ్ళు ఒకరినొకరు వీధిలో గుర్తుపట్టడానికి పనికివచ్చాయి, ఆ వీధిలోనే తిట్లు కూడా తెచ్చిపెట్టాయి. పంక్‌వాళ్ళయితే, నేను వెనక దాచిపెట్టే పిన్నీసునే తెచ్చి ఛాతీ మీద నగలాగా పెట్టుకున్నారు. ఆ సంగతి తెలిసిన రోజున నాకు నవ్వాగలేదు. కాటేజ్‌కోర్ సంగతి వేరు. 2020 లాక్‌డౌన్‌లో ఫ్లాట్లలో చిక్కుబడినవాళ్ళు తోటలూ, రొట్టెలూ, పువ్వుల గౌన్లూ కలగంటూ పంచుకున్న ఫోటోలతోనే ఆ పేరు అంతటా పాకింది. దానికి పాట లేదు, అడ్డా లేదు, కష్టపడి సంపాదించుకున్న గుర్తు లేదు. అందువల్ల తక్కువదని కాదు గానీ, మొదటిది నిన్ను వినమంటుంది, నేర్చుకోమంటుంది; రెండవది చాలావరకు కొనమంటుంది. ఒక పేరు నిన్ను లాగినప్పుడు, అది ఈ రెండింటిలో ఏ కోవకు చెందుతుందో ముందు చూసుకో. గాత్ పాటలు ఒక్కటైనా విన్నావా అని నేను అడిగితే నీవు తల వంచుకున్నావు కదా, అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.

నన్ను నేను వదిలిపెట్టి నీకు చెబుతున్నానని అనుకోవద్దు. బెల్‌బాటమ్‌ల కాలంలో ఇరవై నాలుగు అంగుళాల అంచుతో నాకు నేనే ప్యాంటు కుట్టుకుని, దానితో సైకిలెక్కి కోడంబాక్కం వంతెన దిగుతూ, అంచు గొలుసులో చిక్కుకుని బోర్లా పడ్డాను. మోకాలి మీద మచ్చ ఇంకా ఉన్నది.

ఇక పని సంగతికి వస్తాను. మాంబళంలో దుకాణం పెట్టిన కొత్తలో ఆడవాళ్ళు పత్రికల్లోని ఫోటో చింపి తెచ్చి, "ఇదే మెడ కావాలి" అనేవారు. అలాగే కుట్టి ఇస్తే సగంమంది నిరాశపడేవారు, ఎందుకంటే వాళ్ళకు నచ్చింది మెడ కాదు, ఆ నటి భుజాలు. తర్వాత తర్వాత నేను ఆ ఫోటోలో ముఖాన్ని బొటనవేలితో మూసిపెట్టి, "ఇప్పుడు ఇందులో ఏం నచ్చింది చెప్పండమ్మా" అని అడగడం అలవాటు చేసుకున్నాను. అప్పుడు అసలు మాట బయటికి వచ్చేది: చేతి పొడవు, అంచు రంగు, గుడ్డ జారిన తీరు. నీవు కూడా ఆ నాలుగు వందలలో ముప్పై ఏరి, ముఖమూ గదీ నేపథ్యమూ మూసి, పేరు మరిచి, మిగిలినది ఏమిటో కాగితం మీద రాయి. నేను చూసినంతలో నీ ఫోటోలలో ఏ పేరు కింద ఉన్నవాటిలోనైనా మూడు మళ్ళీ మళ్ళీ వచ్చాయి: గట్టిగా నిలబడే కాలరు, మణికట్టు దాకా వచ్చే చేతులు, ఎరుపూ నలుపూ కలిసిన రంగులు. ఆరు పేర్లు మారినా ఆ మూడూ మారలేదు. నీ అడుగు నీకు తెలియకుండానే అక్కడ పడుతున్నది.

ఫోటోలు కోరికను చెబుతాయి, అలవాటును చెప్పవు. దానికి బీరువాను అడగాలి. ఉతికి ఆరిన ప్రతి బట్టనూ కొయ్యకు కుడివైపు కొసనే తగిలించు, వేసుకునేది మాత్రం ఎక్కడ ఉంటే అక్కడినుంచి తీసుకో. రెండు నెలలు గడిచేసరికి నీవు నిజంగా వేసుకునేవన్నీ కుడికి చేరతాయి, ముట్టనివి ఎడమన మిగులుతాయి. ఎడమవాటిని పారేయమని చెప్పను, అవి ఎందుకు మిగిలాయో చూడు: చంకలో పట్టేస్తున్నదా, జేబు లేదా, ఇస్త్రీ భారమా, లేక వేసుకుంటే వేరెవరిలాగానో అనిపిస్తున్నదా. మొదటి మూడింటికి నా దగ్గర మందు ఉన్నది. డబ్బు లెక్క కూడా ఇలాగే వేయాలి. నీవు రెండుసార్లు వేసుకున్న ఆ రెండు వేల నాలుగు వందల కోటు పూటకు పన్నెండు వందలు పడింది. అరవైసార్లు వేసుకున్న తొమ్మిది వందల కుర్తా పూటకు పదిహేను రూపాయలే.

ఆ కోటు మాట ఎలాగూ వచ్చింది కనుక చెబుతున్నాను. డార్క్ అకాడెమియాకు ఉన్ని కోట్లు చలిదేశపు కళాశాలల నుంచి వచ్చాయి. చెన్నై మే నెలలో, సముద్రపు తేమలో, అవి మనిషిని ఉడకబెడతాయి. కానీ ఆ పద్ధతిలో నీకు నచ్చినది ఉన్ని కాదు, కాలరూ, ముదురు గోధుమ రంగూ, కుచ్చిళ్ళూ. అవన్నీ నూలులోనూ నారగుడ్డలోనూ వస్తాయి. ఇక్కడ ప్యారీస్ కార్నర్ దగ్గర గోడౌన్ స్ట్రీట్‌లో మీటర్ల లెక్కన గుడ్డ దొరుకుతుంది. ఎగ్మూరు పాంథియన్ రోడ్డులో తమిళనాడు చేనేత సహకార సంఘంవాళ్ళ కోఆప్‌టెక్స్ ఉన్నది. నూలని చెప్పి పాలిస్టర్ కలిపి అమ్మేవాళ్ళు ఉంటారు కనుక అంచు నుంచి ఒక పోగు లాగి, బయట జాగ్రత్తగా అగ్గిపుల్లకు చూపించు. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి, బూడిద మెత్తగా రాలుతుంది. పట్టయితే వెంట్రుక కాలిన వాసన. పాలిస్టర్ కరిగి గట్టి పూసలాగా అవుతుంది, ఆ పూసను వెంటనే ముట్టుకోవద్దు. కొన్న నూలుగుడ్డను కుట్టించే ముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేయకపోతే, మొదటి ఉతుకుకే చేతులు పొట్టివైపోతాయి.

నలుపు గురించి మీ అమ్మకు నేను వేరుగా నచ్చజెప్పాను. అశుభమని ఆమె అంటున్న నలుపునే అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు నలభై ఒక్క రోజులు కడతారు. ఇదే ఊరిలో 1940ల నుంచి ద్రావిడ ఉద్యమ నాయకుడు పెరియార్ అనుచరులకు నల్ల చొక్కా ఒక రాజకీయ ప్రకటన. ఇంత అర్థం మోసే రంగును నీవు ఇంగ్లండు గుర్తుతోనే వేసుకున్నా, చూసేవాళ్ళు తమ గుర్తుతో చదువుతారని తెలిసి వేసుకోవాలి. తెలిసి వేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. పండుగ నాడు మాత్రం అమ్మమ్మ ముందు వద్దు. ఇది శైలి సంగతి కాదు, ఇంటి సంగతి. ఎండా చెమటా నలుపును త్వరగా వెలిసిపోయేలా చేస్తాయి, కాబట్టి తిరగేసి ఉతికి నీడన ఆరేయి.

నీ ఓల్డ్ మనీ ఫోటోలలో గళ్ళ చొక్కా తొడుక్కున్న అమెరికన్ కుర్రవాడు ఒకడున్నాడు. ఆ గళ్ళు మీ నాన్న ఇంట్లో కట్టుకునే లుంగీవి. 1958లో బ్రూక్స్ బ్రదర్స్ అనే అమెరికా కంపెనీ ఒక దిగుమతి వ్యాపారి ద్వారా 10,000 గజాల మద్రాస్ గళ్ళ గుడ్డ కొన్నదనీ, చన్నీళ్ళలో విడిగా ఉతకాలనే హెచ్చరిక కొనేవాళ్ళకు చేరక రంగులు దిగి గొడవ అయిందనీ, చివరికి రంగు దిగడమే దాని గొప్పతనమని ప్రకటన వేసి అమ్ముకున్నారనీ చెబుతారు. మన వీధి గుడ్డ సముద్రం దాటి మరొకరి హోదాకు గుర్తై, నీ ఫోనులోకి తిరిగివచ్చింది.

అందుకే నిన్ను ఒకటి అడుగుతున్నాను. మీ అమ్మమ్మది, అంటే మా అక్కది, చీరాల తేలియా రుమాల్ దుపట్టా ఒకటి మీ ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉండాలి. నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిదలోనూ రోజుల తరబడి నానబెట్టి, పడుగునూ పేకనూ రెండింటినీ ముందే కట్టి అద్ది నేస్తారు కనుక, ఎన్నాళ్ళైనా ఆ గుడ్డకు సన్నగా నూనె వాసన ఉంటుంది. ఒకప్పుడు అరబ్బు రేవులకు ఎగుమతి అయ్యేది. దాని రంగులు ఎరుపు, నలుపు, తెలుపు. గాత్ అనే పేరు పుట్టకముందే మన ఊరి మగ్గం మీద ఆ రంగులు ఉన్నాయి. రెండున్నర మీటర్లు ఉంటే మణికట్టు చేతులతో, నిలబడే కాలరుతో చొక్కా వస్తుంది. కొంచెం తక్కువైతే కాలరు లోపలివైపు నల్ల నూలు వేస్తాను. అమ్మమ్మను అడగకుండా మాత్రం తేవద్దు.

వచ్చే ఆదివారం పదింటికి రా. ఫోటో తీసుకురావద్దు. నీ బీరువాలో కుడివైపు కొసకు చేరిన, భుజం సరిగ్గా కూర్చునే పాత చొక్కా ఒకటి తీసుకురా, కొలతలు దాని మీదనే తీస్తాను.

ఆశీస్సులతో,
చినతాతయ్య