సమాధానం: ఐవీ-18 ట్యూబుకి యూఎల్ఎన్2003 ఎందుకు పనిచేయదు, నీడ అంకెలు ఎందుకొస్తాయి

ఐవీ-18 (గాజు గొట్టంలో అంకెలు వెలిగించి చూపే డిస్‌ప్లే ట్యూబు)ని యూఎల్ఎన్2003 చిప్‌తో నడిపితే ఏదీ వెలగలేదని, చిప్ మార్చాక నీడ అంకెలు వస్తున్నాయని అడిగారు. తప్పు ట్యూబుది కాదు, చిప్ రకానిది. యూఎల్ఎన్2003 కరెంటును గ్రౌండ్‌లోకి లాగే చిప్. ఐవీ-18లో గ్రిడ్‌కీ (ఏ స్థానం వెలగాలో ఎంచే తీగ) సెగ్మెంట్‌కీ (అంకెలోని ఒక్కో గీత) పైనుంచి ప్లస్ వోల్టేజీ అందాలి. అందుకే దాంతో ఏదీ వెలగలేదు.

ప్లస్ వోల్టేజీ అందించే యూడీఎన్2981 చిప్‌కి మార్చాక వెలిగింది కానీ, ఆపిన అంకెలు పక్కన మసగ్గా కనిపిస్తున్నాయన్నారు. చాలామంది వదిలేసే మెట్టు ఇక్కడే ఉంది. ఆ చిప్ వోల్టేజీని పైకి ఎత్తుతుంది, కిందికి దించదు. ఆపిన గ్రిడ్ మీద ఛార్జ్ కాసేపు నిలుస్తుంది, ఆలోపే మీ కోడ్ తర్వాతి అంకె సెగ్మెంట్లు ఆన్ చేసేస్తుంది.

1. యూడీఎన్2981 ప్రతి అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి 47 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టండి. 30 వోల్టుల దగ్గర ఒక్కోదాంట్లో పోయేది 0.64 మిల్లీఆంపియర్లే.

2. అంకె మార్చేటప్పుడు ముందు అన్నీ ఆపండి, కొన్ని మైక్రోసెకన్లు ఆగండి, ఆ తర్వాతే కొత్త గ్రిడ్.

3. బోర్డు ఇంకా గీయకపోతే మాత్రం నా మాట వినండి, ఇలాంటి ట్యూబుల్ని నడిపే మ్యాక్స్6921 చిప్ తీసుకోండి. 20 అవుట్‌పుట్లు, 76 వోల్టుల దాకా తట్టుకుంటుంది, కిందికి లాగే పని కూడా తనే చేస్తుంది. ఐవీ-18కి 9 గ్రిడ్లు, 8 సెగ్మెంట్లు, మొత్తం 17 లైన్లు; ఒక్క చిప్‌లో సరిపోతాయి. యూడీఎన్2981లు రెండు పెట్టినా 16 దగ్గరే ఆగిపోతారు.

మ్యాక్స్6921లో అవుట్‌పుట్లన్నీ ఒకేసారి ఆపే బ్లాంక్ పిన్‌ను గ్రౌండ్‌కి కట్టేయకండి, మీ కోడ్ నడిచే కంట్రోలర్‌కి కలపండి. పై రెండో మెట్టుకి అదే కావాలి.