ఏసీ బాగు చేయించాలా, మార్చాలా: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి,

నల్లగొండ నుంచి మీ మేనమామ ఆశీస్సులు. మిర్యాలగూడ ఇంట్లో పై అంతస్తు గదిలోని ఏసీ చల్లగాలి ఇవ్వడం లేదనీ, వచ్చిన మెకానిక్ మూత విప్పకుండానే కంప్రెసర్ (చల్లదనాన్నిచ్చే గ్యాస్‌ను నొక్కి తిప్పే మోటారు) పోయిందని చెప్పి వెళ్ళాడనీ, నువ్వు కొత్తది కొనే ఆలోచనలో ఉన్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఈ యంత్రాలు బాగు చేస్తూనే నా ఉద్యోగ జీవితం గడిచింది కనుక, డబ్బు కట్టే ముందు నా మాట వినమని కోరుతున్నాను. ఏ భాగం చెడిందో తేలకుండా కొత్తది కొనవద్దు, పాతదానికి ఖర్చు కూడా పెట్టవద్దు.

కంప్రెసర్ పోయిందనుకున్న యంత్రాల్లో అసలు దోషం కెపాసిటర్‌లో, అంటే ఆ మోటారు తిరగడం మొదలుపెట్టడానికి ఊతమిచ్చే చిన్న భాగంలో, ఉండడం నేను చాలాసార్లు చూశాను. బయటి యూనిట్ గుయ్యిమని మూలుగుతూ కంప్రెసర్ అందుకోకపోతే మొదట అనుమానించవలసింది దానినే; అది కొన్ని వందల రూపాయలతో తీరే పని. మీ వీధికి రైసు మిల్లులు దగ్గర కాబట్టి ఊక దుమ్ము బయటి యూనిట్ రెక్కల మధ్య దట్టంగా పేరుకుంటుంది. అప్పుడు వేడి బయటికి పోయే దారి లేక కంప్రెసర్ కాగిపోయి తనంతట తానే ఆగుతుంది, కొంతసేపు చల్లారాక మళ్ళీ నడుస్తుంది. వేసవి సాయంత్రాల్లో వోల్టేజీ పడిపోయినా ఇదే జరుగుతుంది. కనుక కరెంటు తీసేసి ఆ రెక్కలను నీళ్ళతో శుభ్రంగా కడిగించు, కెపాసిటర్‌ను మీటరుతో చూపించు. కంప్రెసర్ నిజంగా పోయిందో లేదో లోపలి తీగచుట్ల (వైండింగ్) రెసిస్టెన్స్ కొలిచి, మెగ్గర్ అనే ఇన్సులేషన్ మీటరుతో కరెంటు బాడీకి ఎర్త్ అవుతోందేమో చూసి చెప్పాలి తప్ప, చెవితో విని చెప్పేది తీర్పు కాదు.

గ్యాస్ అయిపోయిందని చెప్పినా తొందరపడి ఒప్పుకోవద్దు. గ్యాస్ మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతుంది, వాడకం వల్ల తరగదు. తగ్గిందంటే ఎక్కడో లీకేజీ ఉన్నట్టే. నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నీళ్ళతో లీకేజీ పట్టుకుని, దాన్ని మూసి, వాక్యూమ్ పంపుతో లోపలి గాలినీ తేమనూ తీసేసి, యూనిట్‌పై రాసి ఉన్న బరువు ప్రకారం తూచి గ్యాస్ నింపేవాడినే పిలువు. ఇవేవీ చేయకుండా నింపితే వచ్చే వేసవికి అదే ఖర్చు మళ్ళీ తగులుతుంది. లీకేజీ గొట్టాల జాయింటు దగ్గరుంటే తప్పక బాగు చేయించు. గోడకున్న యూనిట్ కాయిల్ చిల్లులు పడి ఉంటే మాత్రం ఏసీ వయసు చూడవలసిందే.

వయసుతో పాటు గ్యాస్ రకం కూడా చూడాలి. బయటి యూనిట్ పక్కనున్న లేబుల్‌పై ఆర్22 అని ఉంటే, అది ఓజోన్ పొరకు హాని చేస్తుందని మాంట్రియల్ ఒప్పందం కింద మన దేశం 2030 నాటికి దాదాపు పూర్తిగా వదిలించుకోవలసిన గ్యాస్. కొత్త ఏసీల్లో వాడే ఆర్32 గ్యాస్‌ను అందులో పోస్తామని ఎవరైనా అంటే ససేమిరా ఒప్పుకోవద్దు. దాని పీడనం దాదాపు ఒకటిన్నర రెట్లు, కంప్రెసర్ నూనె వేరు, పైగా కొంత మండే గుణం ఉన్న గ్యాస్. ఆర్22 యంత్రంలో కంప్రెసర్ గానీ కాయిల్ గానీ పోతే మార్చేయడమే మేలు. లేబుల్‌పై ఆర్32 ఉంటే పాత బిల్లు వెతుకు. చాలా కంపెనీలు కంప్రెసర్‌కు 10 ఏళ్ళ వారంటీ ఇస్తాయి, కానీ గ్యాసూ కూలీ ఖర్చూ అందులో వస్తాయో లేదో ముందే అడుగు. వారంటీ లేని ఎనిమిది, పదేళ్ళ ఏసీకి కొత్తదాని ధరలో సగం అడిగితే నేనైతే బాగు చేయించను.

కరెంటు మిగులుతుందన్న ఒక్క మాట మీద మాత్రం కొనవద్దు. పాత ఒకటిన్నర టన్ను ఏసీ గంటకు సుమారు 1.7 యూనిట్లు తీసుకుంటుంది. మీరు వాడేది వేసవిలో రెండు నెలల రాత్రులే అనుకుంటే, రోజుకు 8 గంటల చొప్పున ఆగకుండా నడిచినా సుమారు 820 యూనిట్లే. అందులో మూడో వంతు మిగిలినా సుమారు 270 యూనిట్లే. ఆ పొదుపుతో కొత్త ఏసీ ధర తిరిగి రావాలంటే ఏళ్ళు పడుతుంది. పగలూ రాత్రీ నడిపే ఇల్లయితే లెక్క మారుతుంది. స్టార్ లేబుల్ మీద ఏడాదికి 1600 గంటల వాడకానికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది, నీ గంటలకు తగ్గట్టు దాన్ని సరిచూసుకో. స్టార్ల కొలమానాన్ని కొన్నేళ్ళకొకసారి కఠినం చేస్తారు కాబట్టి లేబుల్ ఏ కాలానిదో కూడా గమనించు.

కొనక తప్పకపోతే రాగి కాయిల్ ఉన్నది, దగ్గర్లో సర్వీసు దొరికేది తీసుకో. పాత ఆర్22 గొట్టాలనే వాడతామంటే ఒప్పుకోకుండా కొత్తవి వేయించు. మే నెలలో మన జిల్లాలో 45 డిగ్రీలు దాటే ఎండకు స్లాబు కాగి ఉంటుంది కనుక, ఏసీ ఏదైనా సరే, డాబా మీద చలువ రంగు వేయించు. మీ అమ్మ పడుకునే గది అదే కదా.

తేలేదాకా ఆ ఏసీని పదే పదే ఆన్ చేసి చూడవద్దు, అమ్మకు ఆ గదిలో కూలర్ పెట్టించు. బయటి యూనిట్ లేబుల్ ఫొటో, కొన్న బిల్లు, మెకానిక్ కొలిచిన రెసిస్టెన్స్ అంకెలు నాకు పంపు.

మీ మేనమామ